వానాకాలం ముందు తోలు సీటు కొనొచ్చా? 200 బ్రెవే కోసం

నల్లగండ్ల_పెడల్:
ఏడాదిగా హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారం తెల్లవారుజామున నార్సింగి నుంచి కొల్లూరు దాకా సోలార్ సైకిల్ ట్రాక్ మీద వెళ్లి వస్తాను, ఓపికుంటే రెండోసారి కూడా. మొదటి ట్రిప్పు బాగానే ఉంటుంది. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు మాత్రం కూర్చోలేక పెడళ్ల మీద లేచి నిలబడుతున్నాను. సైకిల్‌తో వచ్చిన సీటు గట్టిగా ఉందని మెత్తటి జెల్ సీటు వేయించాను. వారం రోజులు దూదిపరుపులా అనిపించింది, తర్వాత పాతదే నయమనిపించింది. ముందు వైపు తిమ్మిరి కూడా ఎక్కుతోంది.

డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడు, పూర్తి చేయాలని ఉంది. 13 గంటల 30 నిమిషాల గడువు, అంటే రోజంతా సీటు మీదే. ట్రాక్ మీద కలిసినవాళ్లు బ్రూక్స్ కంపెనీ తోలు సీటు బీ17 పేరు చెప్పారు. పది వేల పైమాటే. జూన్ వచ్చేసింది. వానల్లో తోలు నిలుస్తుందా? డబ్బు దండగ కాకూడదని అడుగుతున్నాను.

తంగేడుపూలు:
చెల్లె, కళ్లు మూసుకొని తీస్కో. ఆరేండ్ల సంది ఒక్కటే సీటు మీద తిరుగుతున్న. ఈసీఐఎల్ నుంచి భువనగిరి, శామీర్‌పేట, రెండుసార్లు అనంతగిరి.

మెత్తటి సీటు ఎందుకు నొప్పి చేస్తదో ముందు తెల్సుకో. మనం కూసునేది కండ మీద కాదు, కింద ఉండే రెండు ఎముకల మీద. జెల్‌ల ఆ ఎముకలు దిగబడితే నడిమిట్ల ఉన్న జెల్ పైకి ఉబ్బి మెత్తటి జాగను ఒత్తుతది. తోలు సీటుకు లోపట స్పంజి లేదు, ఏం లేదు. ముందు ముక్కుకు, వెనక ఇనుప పట్టీకి నడుమ తోలును గుంజి రివెట్లు కొడ్తరు. నులక మంచం లెక్క. ఎముకలు ఆనే రెండు జాగల్ల మెల్లగ గుంట పడ్తది. ఆ గుంట నీ కొలతకే పడ్తది, ఇంకొకరికి సరిపోదు.

బ్రూక్స్ అనేటాయన బర్మింగ్‌హామ్‌ల 1866ల గుర్రపు సామాన్లు చేసే పని మొదలువెట్టిండు. గుర్రం చచ్చిపోతే సైకిల్ అరువు తెచ్చుకొని, దాని సీటు మీద కూసోలేక తనే చేసుకున్నడని కంపెనీ వాళ్లు చెప్తరు. 1882ల పేటెంట్ తీసుకున్నడు. బీ17 కూడా 1890ల సందే ఉన్నది. పనికిరానిదైతే ఇన్నేండ్లు నడవదు.

బిగించేటప్పుడు ముక్కు ఒక్క పిసరు పైకి పెట్టు, లేకుంటే నున్నగున్న తోలు మీద ముందుకు జారుతవు. మొదటి వెయ్యి కిలోమీటర్లు నొప్పి ఉంటది. ఓర్సుకోవాలె. ఆ తర్వాత సీటు ఉన్నదన్న సంగతే మర్శిపోతవు.

బోరబండ_బెల్లు:
ముందు మంచి షార్ట్స్ కొనండి. సీటు తర్వాత.

నిజాంపేట_రైడర్:
పెడల్ గారూ, తొందరపడకండి. వెయ్యి కిలోమీటర్ల మాట విని కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. పేరున్న తోలు సీటే, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. జూలైలో కొన్నాను. మాకు బాల్కనీలో తప్ప సైకిల్ పెట్టుకునే చోటు లేదు. పది రోజులు వాన వదల్లేదు, తొక్కడం కుదర్లేదు. తీరా కవరు తీసి చూస్తే సీటు మీద తెల్లటి మచ్చలు, అడుగున పచ్చగా బూజు. తుడిచాక కూడా ఆ ముక్కవాసన పోలేదు. మా క్లబ్బు సీనియర్ ఒకాయన కొబ్బరినూనె రాయమన్నారు, రాశాను. తోలు మెత్తబడింది, ఆ మెత్తబడటం ఆగలేదు. రెండు నెలల్లో మధ్యలోంచి ఊయలలా వాలి, అంచులు రెండు వైపులా చెవుల్లా పైకి లేచి తొడలకి ఒరుసుకునేవి.

హైదరాబాద్‌లో నాలుగు నెలలు వాన, మూడు నెలలు మండే ఎండ. తోలుకి రెండూ పడవు. అంతగా కావాలంటే బ్రూక్స్ వాళ్లే రబ్బరు, నూలు గుడ్డ కలిపి చేసే కాంబియం సీటుంది. తడిసినా ఏమీ కాదు.

తంగేడుపూలు:
కొబ్బరినూనె రాసి తోలు మంచిది కాదంటే ఎట్ల? నూనె రాస్తె తోలు బిగువంత పోతది. దానికి కొవ్వు, మైనం కలిపిన ముద్ద ప్రూఫైడ్ అని డబ్బల వస్తది. వేలి కొసకు ఇంత తీస్కొని పైన పల్సగ, అడుగున జెర ఎక్కువ రాసి, రాత్రంత ఉంచి పొద్దున బట్టతోని తుడిస్తె అయిపాయె. మొదట్ల ఒకట్రెండు సార్లు, ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి. వంటింట్ల నూనె రాసింది నువ్వు, తప్పు సీటుదా?

నిజాంపేట_రైడర్:
నూనె సంగతి వదిలేయండి. నేను చెప్పింది బూజు గురించి. బూజు నూనె రాయకముందే పట్టింది. దానికి మీ జవాబేంటి?

తంగేడుపూలు:
గాలి ఆడనియ్యకుండ పది దినాలు కవర్ల మూసిపెడ్తె తోలే కాదు, బియ్యం కూడా బూజు పడ్తయి. వానల తొక్కేటప్పుడే కవర్ కట్టాలె, ఇంటికొచ్చినంక తీసెయ్యాలె. వెనక మడ్‌గార్డ్ ఉండాలె. పైన పడే వాన కంటె టైరు చిమ్మే నీళ్లతోనే నాశనం, ఎందుకంటె అడుగు తోలు పచ్చిగ ఉంటది.

నిజాంపేట_రైడర్:
అంటే వానలో తొక్కాలంటే కవరు కట్టాలి, విప్పాలి, ఆరబెట్టాలి. బ్రెవేలో మధ్యాహ్నం వాన పడితే ఆవిడ దారిలో కంట్రోలు (చెక్‌పాయింట్) టైము చూసుకోవాలా, సీటు చూసుకోవాలా?

అల్వాల్_అక్క:
షార్ట్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఇది మనకు ఎవరూ చెప్పరు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఆ కుట్లే ఒరిసి పుండు చేస్తాయి. నాకు తెలిసేసరికి రెండేళ్లు పట్టింది.

తంగేడుపూలు:
తోలు నీళ్లకు ఓర్వదని ఎవరు చెప్పిండ్రు నీకు? ఊర్లల్ల మోట కొట్టిన దినాలు యాది తెచ్చుకో. మోటకు తొండం తోలుదే. పొద్దంత బాయిల మునుగుడు, తేలుడు. తంగేడు చెక్కల మంచిగ ఊనిన, అంటె నానవెట్టి పదును జేసిన తోలు నీళ్లల్ల ఏండ్లకేండ్లు పనిచేసింది.

నిజాంపేట_రైడర్:
మోట తొండం మీద ఎవరూ కూర్చోరు కదండీ. తడిసిన తోలు మీద మనిషి బరువు పడితే సాగుతుంది, సాగింది మళ్లీ వెనక్కి రాదు. ముందున్న బోల్టు తిప్పి బిగించొచ్చంటారు. ఎన్నిసార్లు తిప్పుతాం? చివరికి రివెట్ల దగ్గర చిరుగుతుంది. చూడండి, చచ్చిన గొడ్డు తోలు ముక్కకి పది వేలు పెట్టి, దానికి రోజూ సేవ చేయడం నాకైతే అర్థం కాదు. ఈ పిచ్చిని కొత్తవాళ్లకి అంటించకండి.

తంగేడుపూలు:
చచ్చిన గొడ్డు తోలు ముక్క.

ఆ ముక్కతోనే మా బాపు మమ్మల్ని నలుగుర్ని సాదిండు. మేము మాదిగోళ్లం. మా తాత కాలంల ఇంటెనక లంద, తోలు నానవెట్టే తొట్టి, ఉండేది. సున్నం నీళ్లల్ల ఏసి బొచ్చు ఊడదీసి, తంగేడు చెక్క దంచిన నీళ్లల్ల దినాలకు దినాలు ఊనేది. ఆ వాసనకు మా వాడకట్టు దిక్కు వచ్చేటోళ్లు గాదు. కానీ ఆ చెప్పులు అందరికి గావాలె, ఆ తొండం అందరి బాయికి గావాలె. నువ్విప్పుడు అన్న మాట నేను బడిల చదివేటప్పుడు శానసార్లు విన్న.

నీ సీటు సంగతి నాకెట్ల ఎరుకైందో విను. నాది కూడా ఒకసారి వాలింది. నాలుగేండ్ల కింద వాన ఎలిసినంక తడి సీటు మీదనే ఇంటిదాక తొక్కిన, తప్పు నాదే. బాపు చూసి ఏమనలే. కింది అంచుల వెంట అటు నాలుగు, ఇటు నాలుగు తూట్లు ఆరెతోని పొడిచిండు. పొడిచే ముందు ప్రతి జాగను బొటనవేలితో ఒత్తి చూసుకున్నడు, తోలు ఎక్కడ గట్టిగున్నదో. మైనం పట్టిచ్చిన దారం బూటు లేసు లెక్క కిందికెళ్లి అల్లి గుంజిండు. బయటికి లేచిన చెవులు లోపటికి వచ్చినయి, మధ్యల బిగువు వచ్చింది. ఇప్పటికి గదే సీటు. ఆ ఇంగ్లండు సీటుకు వాడేది కూడా చెట్ల కషాయంల ఊనిన తోలే, మా తాత ఊనిన తీరే. క్రోమ్ మందుల ఊనిన తోలుకు అట్ల గుంట పడదు, మనిషి ఆకారం పట్టదు.

బాపు పోయిన సంవత్సరం పోయిండు. ఆ తోలును ముక్క అనకు.

బోరబండ_బెల్లు:
అన్నా, ఆయన అట్ల అనలేదేమో. ఇద్దరూ కాసేపు ఆగండి.

నిజాంపేట_రైడర్:
అన్నా. ఆ మాట అనకూడదు. ఎవరి పనినీ దృష్టిలో పెట్టుకుని అన్నది కాదు, కానీ ఆ మాట ఎక్కడినుంచి వచ్చి నా నోట్లో పడిందో నాకు తెలుసు. మా ఊళ్లో పెద్దవాళ్లు అలాగే మాట్లాడేవాళ్లు. క్షమించండి.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, ఇంతవరకు చెప్పలేదు. నా కోపం తోలు మీద కాదు, వాన మీదా కాదు. "ఓర్చుకో" అన్న మాట మీద. ఆ సీనియర్ కూడా మీలాగే ముక్కు కొంచెం పైకి పెట్టమన్నారు, వెయ్యి కిలోమీటర్లు ఓర్చుకోమన్నారు. నాకు వెనక నొప్పి లేదు. ముందు వైపు తిమ్మిరి. గంట తొక్కితే అసలు స్పర్శ ఉండేది కాదు. అడిగితే "అందరికీ ఉంటుంది, అలవాటవుతుంది" అన్నారు. ఓర్చుకున్నాను. రాత్రి పడుకున్నా తగ్గని రోజు వచ్చింది. పెళ్లయి అప్పటికి ఏడు నెలలు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి ఇంకో నెల పోగొట్టుకున్నాను. అక్కడ నరం నొక్కుకుపోయిందని, సైకిల్ పూర్తిగా ఆపమని చెప్పారు. మళ్లీ మామూలు కావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో రాయలేను.

పెడల్ గారు మొదటి పోస్టులోనే "ముందు వైపు తిమ్మిరి కూడా ఎక్కుతోంది" అని రాశారు. ఇంతసేపూ మనం బూజు గురించి కొట్టుకున్నాం. నేను కూడా ఆ మాట పట్టించుకోలేదు.

తంగేడుపూలు:
నేను ఆ లైను సదివిన, ఇడిసిపెట్టిన. తప్పే.

తమ్మీ, ఎముక నొప్పి వేరు, తిమ్మిరి వేరు. ఎముక కింద తోలు గట్టిగున్నందుకు వచ్చే నొప్పి ఓర్సుకుంటె పోతది, అది నేను ఇప్పటికీ అంట. తిమ్మిరికి ఓర్సుడు లేదు, ఆ నిమిషమే దిగాలె. నేను రెండిటిని కలిపి ఒక్క మాట జేసి చెప్పిన. నీకు చెప్పినాయన కూడా గట్లనే చేసినట్టుండు.

చెల్లె, ముక్కు పైకి పెట్టమన్న మాట వాపస్ తీస్కుంటున్న. సమానంగ పెట్టు.

నిజాంపేట_రైడర్:
ఎముక నొప్పి అయినా ఎన్నాళ్లు ఓర్చుకోవాలి? ముందే కొలిచి, సరైన వెడల్పు తీసుకుంటే వెయ్యి కిలోమీటర్ల శిక్ష ఎందుకు?

తంగేడుపూలు:
సరైన వెడల్పు ఉన్నా తోలు మెత్తవడేదాక టైం పడ్తది. దాన్ని శిక్ష అనుకుంటె నేనేం జెయ్యాలె. కొత్త చెప్పు కరవదా?

నిజాంపేట_రైడర్:
కరిచే చెప్పు నేను కొనను.

అల్వాల్_అక్క:
మీ ఇద్దరి తగవు రేపటికి ఉంటుంది. అమ్మాయి సంగతి చూద్దాం.

పెడల్, తిమ్మిరి మొదట సీటు మార్చకుండానే సర్దుకోవచ్చేమో చూడు. ఒకటి, ఎత్తు. మడమ పెడల్ మీద పెట్టి అట్టడుగుకి తొక్కితే కాలు నిటారుగా రావాలి. ముని కాళ్లతో అందుకోవాల్సి వస్తే సీటు ఎత్తుగా ఉన్నట్టు, నడుము అటూ ఇటూ ఊగి ముందు వైపు ఒరుసుకుంటుంది. రెండు, సీటు మీద ఒక పుస్తకం పెట్టి పక్కనుంచి చూడు, సమానంగా ఉందా అని. ఉన్నా తిమ్మిరి వస్తుంటే ముక్కు ఒక్క పిసరు కిందికి, అంతకు మించొద్దు. ఎక్కువ దించితే బరువంతా చేతుల మీద పడి అరచేతులు మొద్దుబారతాయి. మూడు, వెడల్పు. గుంతలు పడే రకం అట్టపెట్టె ముక్క మెట్టు మీద వేసుకుని, మోకాళ్లు కాస్త పైకెత్తి నిమిషం కూర్చో. లేచి వెలుతురులో ఏటవాలుగా చూస్తే రెండు గుంతలు కనిపిస్తాయి. మధ్య నుంచి మధ్యకి కొలువు. ఆడవాళ్లకి ఈ దూరం ఎక్కువగా ఉండటం మామూలే.

ఇవన్నీ చేసినా తిమ్మిరి ఉంటే మధ్యలో చీలిక ఉన్న సీటు వాడాలి. తోలులో కూడా ఉంది, బీ17 కార్వ్‌డ్ అంటారు, ఇంతకుముందు ఇంపీరియల్ అనేవాళ్లు. నేను వాడేది అదే. నెలసరి రోజుల్లో కూడా 60 కిలోమీటర్లు తొక్కగలుగుతున్నాను, అంతకుముందు ఆ వారం సైకిల్ ముట్టేదాన్ని కాదు.

నల్లగండ్ల_పెడల్:
అందరికీ థ్యాంక్స్. తిమ్మిరి గురించి రాసి, తర్వాత ఎందుకు రాశానా అని సిగ్గుపడ్డాను. నిజాంపేట గారు తన సంగతి చెప్పాక ధైర్యం వచ్చింది.

నిన్న రాత్రి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, మెట్టు మీద వేసి కూర్చున్నాను. గుంతల మధ్య 13.8 సెంటీమీటర్లు. నా జెల్ సీటు వెడల్పు 15. అంటే రెండు ఎముకలూ వాలిపోయే అంచుల మీదే ఉంటున్నాయి, బరువు మధ్యలో పడుతోంది. ముక్కు కూడా పైకే ఉంది. షాపులో బిగించి ఇచ్చింది అలాగే ఉంచేశాను.

తంగేడుపూలు:
బీ17 పదిహేడున్నర సెంటీమీటర్లు ఉంటది. నీ కొలతకు సరిపోతది. కాని తోలు సీటుల వెనక ఇనుప పట్టీ ఉంటది, ఎముక ఆ పట్టీ మీద కాదు, దాని ముందు తోలు మీద ఆనాలె. కూసొని చూడకుండ పైసలు పెట్టకు. ఈ ఆదివారం కొల్లూరు కొసకు వస్త, నా సీటు తెస్త. నా గుంటలు పడ్డది, నీకు సరిగ్గ కుదరదు, వెడల్పు మాత్రం తెలుస్తది.

అల్వాల్_అక్క:
నేనూ వస్తాను. చీలిక ఉన్నది కూడా ఎక్కి చూడు.

నిజాంపేట_రైడర్:
నా దగ్గర కాంబియం ఉంది, అదీ తెస్తాను. ఆరు నంబరు అలెన్ కీ ఎవరైనా పట్టుకురండి, నాది పోయింది. అన్నా, మీరు తెచ్చే సీటు అడుగున బాపు వేసిన ఆ అల్లిక నాకు ఒకసారి చూపించండి.

తంగేడుపూలు:
చూపిస్త. అలెన్ కీ నాతోని ఉన్నది. ఆరు గంటలకు. వాన వస్తె మాత్రం నేను రాను, సీటు తడుస్తది.

నిజాంపేట_రైడర్:
నేను మొదటినుంచీ చెప్తున్నది అదే కదండీ.