హనీకోంబ్ సిలిండర్: పై మోడ్‌లలో నా లెక్క ఎందుకు తేడా కొడుతోంది?

పర్లాకిమిడి కుర్రాడు:
గుణుపురంలో ఎంటెక్ చేస్తున్నాను. ఉపగ్రహం నడుమ బరువంతా మోసే సిలిండర్ మీద ప్రాజెక్టు. వ్యాసార్ధం అర మీటరు, ఎత్తు మీటరు. లోపలా బయటా అర మిల్లీమీటరు కార్బన్ రేకులు (ఫేస్ షీట్లు) రెండు, మధ్యలో కోర్‌గా 15 మిల్లీమీటర్ల అల్యూమినియం హనీకోంబ్, అంటే తేనెపట్టు గదుల్లాంటి పొర. పలుచటి షెల్ సూత్రంతో చేతిలెక్క వేస్తే, చుట్టూ 3 అలలుండే మోడ్ (కంపించే తీరు) ఫ్రీక్వెన్సీ సాఫ్ట్‌వేర్‌తో దాదాపు కలిసింది. 10 అలల దగ్గరికొచ్చేసరికి నాది 30 శాతం ఎక్కువ. అసలు 1 అల మోడ్ ఫ్రీక్వెన్సీ కదా అన్నిటికంటే కింద ఉండాలి? సోమవారం గైడుకి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రాయగడ నుంచి:
షియర్‌ని, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారడాన్ని కూడా లెక్కించే మిండ్లిన్ సిద్ధాంతం పెట్టు తమ్ముడూ, దాంట్లో షియర్ కరెక్షన్ గుణకం 5/6 వేసేయ్. అయిపోతుంది.

బరంపురం మాస్టారు:
అయిపోదు బాబూ. 5/6 ఒకే పదార్థంతో చేసిన రేకుకి. నీలాంటి మూడు పొరల శాండ్‌విచ్‌లో షియర్ మోసేది దాదాపు కోర్ ఒక్కటే. ఫేస్ షీట్లని కూడా సగటులో కలిపేశావో, లేని బిగువు వచ్చి పడుతుంది. షియర్ బిగువు కోసం కోర్ షియర్ మాడ్యులస్‌ను (జారుడుకి కోర్ ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పే విలువ) రెండు ఫేస్ షీట్ల మధ్యతలాల నడిమి దూరం వర్గంతో గుణించి, కోర్ మందంతో భాగించు. చాలు.

అలలు పెరిగేకొద్దీ ఒక్కో అల పొట్టిదవుతుంది. అప్పుడు వంగడంతో పాటు కోర్ జారడం కూడా లెక్కకొస్తుంది. నీ సూత్రంలో ఆ జారుడే లేదు. ఇంతకీ హనీకోంబ్ రిబ్బన్ (గదులు చేయడానికి అంటించిన రేకు పట్టీలు) ఏ దిక్కున ఉంది? రిబ్బన్ వెంట షియర్ మాడ్యులస్ అడ్డదిక్కుకి సుమారు రెట్టింపు.

1 అల సంగతి 1949లోనే ఆర్నాల్డ్, వార్‌బర్టన్ అనే పరిశోధకులు తేల్చారు. అలలు పెరిగితే సాగే శక్తి తగ్గుతుంది, వంగే శక్తి పెరుగుతుంది. రెండూ కలిపి ఎక్కడ తక్కువైతే అక్కడే కనిష్ఠ ఫ్రీక్వెన్సీ. అలాగని 1 అలను వదిలేయకు. నెత్తిన ట్యాంకులు, పరికరాల బరువు పెడితే సిలిండర్ మొత్తం పక్కకి ఊగే ఆ మోడే బాగా కిందికి దిగుతుంది. రాకెట్‌వాళ్లు ముందు అడిగేది దాన్నే.

పర్లాకిమిడి కుర్రాడు:
రిబ్బన్ నిలువునా ఉంది మాస్టారూ. అంటే చుట్టూ వచ్చేది మెత్తటి దిక్కే. ఇప్పుడు నౌపడ బండిలో ఉన్నాను, సిగ్నల్ సరిగా లేదు. ల్యాబులో ఇదే రకం చదును ప్యానెల్ ముక్క ఉంది, తట్టి దాని ఫ్రీక్వెన్సీలు చూడొచ్చా?

బరంపురం మాస్టారు:
చూడు. సైకిల్ ట్యూబు పట్టీలతో వేలాడదీయి. ప్యానెల్ మొత్తంగా ఊగే ఫ్రీక్వెన్సీ, మొదటి వంపు మోడ్‌లో పదో వంతు దాటకూడదు. బరువైన యాక్సిలరోమీటర్ (కంపనం కొలిచే సెన్సర్) మాత్రం అంటించకు. నీ ప్యానెల్ చదరపు మీటరుకి మూడు కిలోలు కూడా తూగదు, సెన్సర్ బరువుకే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది.