కనుమ అందరికీ సెలవు కావాలా, ఐచ్ఛికం చాలా? (చర్చ; రాసినవాళ్ళవి మారుపేర్లు)

ఏలూరు కాలువ: తెలంగాణ ప్రభుత్వ జాబితాలో భోగి, సంక్రాంతి సాధారణ సెలవులు. కనుమ మాత్రం ఐచ్ఛికం, అంటే కావాలన్నవాళ్ళు అడిగి తీసుకునేది. 2025 జనవరిలో 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. గచ్చిబౌలిలో నేను పనిచేసే కంపెనీ 14 ఒక్కటే ఇచ్చి, 15 పొద్దున్నే మీటింగ్ పెట్టింది. అంటే పండగ నాడు సాయంత్రమే బస్సెక్కాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు మా వైపు. ఆ రోజు పొద్దున్నే గేదెలను కాలువలో కడుగుతాం, కొమ్ములకు రంగులేస్తాం. నాన్న వాటికి తినిపించాకే మాకు గారెలు, నాటుకోడి కూర. ఏడాదంతా పాడి మీద బతికే ఇంటికి అదే అసలు పండగ. అది వదిలేసి రమ్మంటే ఎలా? తమిళనాడులో పొంగల్, తిరువళ్ళువర్ దినం, ఉళవర్ తిరునాళ్ వరసగా మూడు రోజులు ఇస్తారు. హైదరాబాద్‌లో కూడా ప్రభుత్వం, ప్రైవేటు తేడా లేకుండా మూడు రోజులూ తప్పనిసరి చెయ్యాలని నా వాదన.

వనస్థలిపురం: నూటికి నూరుపాళ్ళు. క్రిస్మస్ మర్నాడు డిసెంబర్ 26 ఇక్కడ సాధారణ సెలవే కదా. కనుమకేం తక్కువ?

ఓరుగల్లు: అన్నా, సంక్రాంతి మాది కాదని నేననను. మా ఇంట్ల వారం ముందే సకినాల సందడి మొదలైతది. తడిబియ్యప్పిండిల నువ్వులు, వాము కలిపి, తెల్లగుడ్డ పరిచి, మా అమ్మ, పెద్దమ్మ వేళ్ళ నడుమ పిండి మెలితిప్పుకుంట చుట్టు మీద చుట్టు పోస్తరు. గుడ్డ తడి పీల్చుకున్నంకనే నూనెల వేసుడు, లేకుంటె చుట్లు ఇడిపోతయి. ఐనవోలు మల్లన్న జాతర గూడ అప్పుడే. కొమురవెల్లిల ఉగాది దాక నడుస్తది.

కానీ ఊరికి పోయి నాలుగు రోజులుండే పండుగ మాకు బతుకమ్మ, దసరా. బడులకు దసరా సెలవులు పొడుగు, సంక్రాంతివి పొట్టి అయ్యేది అందుకే. ఇంకోటి చూడు. పుష్య అమాస రాత్రి ఆదిలాబాద్ దిక్కు కేస్లాపూర్‌ల గోండుల దేవుడు నాగోబాకు మెస్రం వంశపోళ్ళు మహాపూజ చేస్తరు. మేడారం జాతర రెండేండ్లకోసారి, 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24 దాక అయింది. ఆదిలాబాద్ గోండు పిల్లగాడు హైదరాబాద్‌ల కొలువు చేస్తున్నడనుకో. కంపెనీ ఏడాదికి ఇన్నే సెలవులని లెక్క కట్టుకుంటది. కనుమను ఖాయం చేస్తే, ఆయన ఇష్టంగ వాడుకునే రోజుల్ల ఒకటి పోతది. ఐచ్ఛికమే నయం.

సికింద్రాబాద్ క్లాక్ టవర్: వనస్థలిపురం గారూ, 26తో పోలిక వద్దండీ. మా ఇంట్లో 25 ఆరాధనకే సరిపోతుంది, బంధువుల ఇళ్ళకు వెళ్ళేది 26నే. ఆ సెలవు ప్రభుత్వ ఉద్యోగులకు ఉంది. నేను ప్రైవేటులో చేస్తాను, నాకు ఒక్కసారీ దొరకలేదు. మీకు కనుమ ఎలాగో నాకు అది అలాగే. మనిద్దరం ఒకే వైపు ఉండాల్సినవాళ్ళం.

లేబర్ ఫైళ్ళు: అసలు చిక్కు క్లాక్ టవర్ గారు చెప్పిన చోటే ఉంది. ప్రభుత్వ జాబితా ప్రభుత్వ కార్యాలయాలకు. బ్యాంకుల సెలవులు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద వేరేగా ప్రకటిస్తారు. ఫ్యాక్టరీలు, ప్రైవేటు సంస్థలకు 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం. అందులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 ఖాయం, వాటితోపాటు కొన్ని పండుగ సెలవులు. కాబట్టి రేపు కనుమను సాధారణ సెలవుల్లోకి మార్చినా, గచ్చిబౌలి ఆఫీసు మూతపడదు. ప్రభుత్వంలోనూ ఊరికే ఇవ్వరు. 2024లో జనవరి 1 సెలవుకు బదులు ఫిబ్రవరి రెండో శనివారం పనిచేయించారు. ఇక ఐచ్ఛికం సంగతి: ప్రభుత్వ ఉద్యోగి ఆ జాబితాలోంచి ఏడాదికి 5 దాకా, ఏ మతం పండుగైనా, ముందే రాసిచ్చి తీసుకోవచ్చు. ప్రైవేటులో అలాంటి హక్కు రాతపూర్వకంగా ఉన్న చోట్లు నేను చూసినంతలో తక్కువ.

శాలిబండ మేడ: నేను చెప్పాలనుకున్నది అదే భాయ్. సంక్రాంతికి మా మేడ మీద పతంగులు ఎగరేస్తాం, గుల్జార్ హౌజ్ నుంచి దారం చుట్టే చరఖ్ తెచ్చుకుంటాం. పండుగ అందరిదీ. కానీ మా రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, నెలవంక కనపడితేనే తారీఖు తేలుతుంది. కంపెనీ జాబితా డిసెంబర్‌లోనే అచ్చవుతుంది. ఒక ఏడాది వాళ్ళు వేసిన తేదీకి మర్నాడు ఈద్ వచ్చింది. సెలవు మారుస్తారా అని అడిగితే, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది కుదరదన్నారు. నమాజ్ చదివి, షీర్ ఖుర్మా కూడా ముట్టకుండా లాగిన్ అయ్యాను. మేనేజర్ కాదనగలిగేది ఐచ్ఛికం ఎలా అవుతుంది? ఇన్ని రోజుల ముందు చెబితే నిరాకరించకూడదని రాసుండాలి. అప్పుడు కనుమ, ఈద్, 26, నాగోబా అన్నీ అందులో ఇముడుతాయి.

నైట్ డ్యూటీ: నేను నర్సుని. ఆసుపత్రికి కనుమ లేదు. ఆ మూడు రోజులే మాకు రద్దీ. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా, మెడ మీద సన్నటి గీత పడి రక్తం ఆగని బైకు వాళ్ళు వస్తూనే ఉంటారు. మేడ మీంచి పడ్డ పిల్లలు వస్తారు. అందుకే మాకు సెలవులు ఆపేస్తారు, అది నాకు అర్థమవుతుంది. కానీ పండుగ నాడు పనిచేయించుకున్నందుకు ఇవ్వాల్సిన బదులు సెలవు మార్చి దాకా ఇవ్వరు, ఆనక మురిగిపోయిందంటారు. తప్పనిసరి సెలవు అని రాసినా నాలాంటి వాళ్ళకు ఒరిగేది లేదు. బదులు రోజు నెలలోపు ఇవ్వాలన్నది కూడా అడగండి.

ఏలూరు కాలువ: కనుమ తప్పనిసరి కావాలన్న కోరిక నాలో పోలేదు. ఊరంతా ఒకే రోజు ఆగితేనే పండగ, ఒక్కొక్కరం విడివిడిగా తీసుకుంటే అది మామూలు సెలవు. ఆ రోజు ఆఫీసు నడుస్తుంటే ఫోను మోగుతూనే ఉంటుంది. కానీ ప్రభుత్వ జాబితా మా కంపెనీని కట్టెయ్యదు కనక, మొదట అడగాల్సింది నిరాకరించకూడని ఐచ్ఛికమే. మా హెచ్‌ఆర్‌కు అర్జీ రాస్తున్నాను: ఏడాదికి 5 రోజులు, 15 రోజుల ముందు చెబితే కాదనకూడదు, చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగకు ముందురోజు చెప్పినా చాలు. పండుగ పూట పనిచేసినవాళ్ళకు బదులు రోజు నెలలోపు.

ఓరుగల్లు: ఇట్లయితే నా సంతకం గూడ తీస్కో. కనుమ తప్పనిసరి మీద మాత్రం నేను ఒప్పుకోను, అది మళ్ళ మాట్లాడుకుందం.

నైట్ డ్యూటీ: మీ అర్జీలో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు ఉన్నారా? వాళ్ళంతా ఏజెన్సీ మనుషులు, హెచ్‌ఆర్ మాకు సంబంధం లేదంటారు. ఊరు వాళ్ళకూ ఉంది.

ఏలూరు కాలువ: లేరండీ, ఇప్పుడు చేరుస్తున్నాను. ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేది కంపెనీయే, అందులో ఈ షరతు పెట్టమని అడగొచ్చు. లేబర్ ఫైళ్ళు గారూ, ఆ వాక్యం చట్టం భాషలో ఎలా ఉండాలో రాసి పంపగలరా? డిసెంబర్‌లో జాబితా ఖరారయ్యేలోపు ఇచ్చెయ్యాలి.