పడుకునే ముందు డైరీ: ఏం రాయాలి, ఎంతసేపు?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటానండి. పక్క మీద వాలగానే మేత, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), డీజిల్ లెక్కలే బుర్రలో తిరుగుతున్నాయి. డైరీ రాస్తే నిద్ర పడుతుందా?

జవాబు 1: జరిగింది కాదండి, రేపు చేయాల్సింది రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మంది యువతీయువకులతో పరీక్షించారు. పడుకోబోతూ 5 నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. విడివిడిగా ఎక్కువ పనులు రాసినవాళ్లకు ఇంకా త్వరగా పట్టింది. అందుకే ‘చెరువు పని’ అని రాసి వదిలేయకండి. ‘ఉదయం 6కి రెండో చెరువు చెక్‌ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూడాలి, 20 లీటర్ల డీజిల్ తేవాలి’ అని రాయండి.

జవాబు 2: ఫోన్‌లో మాత్రం వద్దండీ, వాట్సాప్ లాగేస్తుంది. రూళ్ల నోటుబుక్కు, బాల్‌పెన్ను చాలు. వానాకాలం మన తేమకి కాగితం మెత్తబడి ఇంకు పెన్ను పాకేస్తుంది.

జవాబు 3: అప్పు, ఇంట్లో గొడవ లాంటి బాధ అయితే పద్ధతి వేరండి. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 నాటి ప్రయోగంలో మనసులోని బాధ గురించి వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు రాయించారు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే, కాబట్టి అది దీపాలవేళకే ముగించండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే డాక్టరు గారికి చూపించుకోండి.