మూడేళ్ల బాబుకి డోరేమాన్ బొమ్మ అల్లాలి – చేసినవాళ్లు చెప్పండి

కొత్తసూది
అందరికీ నమస్కారం. మా అక్క కొడుక్కి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. వాడికి అన్నం తినాలన్నా డోరేమాన్, పడుకోవాలన్నా డోరేమాన్, అదే కార్టూన్లో వచ్చే నీలం రోబో పిల్లి. పుట్టినరోజుకి నా చేత్తో అల్లిన బొమ్మ ఇవ్వాలని ఉంది. క్రోషేలో (కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లడం) గొలుసు కుట్టు, సింగిల్, డబుల్ బాగానే వచ్చు. తోరణాలు, టేబుల్ కవర్లు, ఒక శాలువా అల్లాను. కానీ గుండ్రంగా అల్లి లోపల దూది కూరే బొమ్మ ఎప్పుడూ చేయలేదు.

ఏ దారం కొనాలి, ఎంత కొనాలి? నీలం తలలో తెల్లటి ముఖం ఎలా వస్తుంది? కళ్లకి గుండీలు కుట్టొచ్చా? వాడి చెల్లెలు ఎనిమిది నెలల పాప, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

ఊలుబంతి
మొదటి బొమ్మకి మంచి ఎంపికండీ. డోరేమాన్ అంతా బంతులే. తల ఒక బంతి, ఒళ్లు ఇంకో బంతి, చేతుల చివర, తోక చివర చిన్న చిన్న బంతులు. జుట్టు లేదు, వేళ్లు లేవు. చెవులు ఎలుక కొరికేసింది కాబట్టి అవీ లేవు. బంతి అల్లడం వస్తే ముప్పాతిక పని అయిపోయినట్టే.

పసిపాప ఉన్న ఇల్లు కాబట్టి కాటన్ గానీ, మిల్క్ కాటన్ గానీ తీసుకోండి. అక్రిలిక్ ఊలు చవక, రంగులూ బాగుంటాయి, కానీ వాడేకొద్దీ నూగు లేస్తుంది. బొచ్చు ఊలు అసలు వద్దు, అందులో కుట్లు కనబడవు, లెక్క తప్పితే విప్పడం కూడా కష్టం. 15 సెంటీమీటర్ల బొమ్మకి నీలం 50 గ్రాములు, తెలుపు 50 గ్రాములు తెచ్చుకుంటే మిగులుతుంది. ఎరుపు, పసుపు, నలుపు ఇంట్లో మిగిలిన దారాలు చాలు. నీలం రెండు ఉండలు కొంటే లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారాలకి ఇచ్చే నంబరు) ఒకటేనా అని చూడండి. నంబరు మారితే తల ఒక నీలం, ఒళ్లు ఒక నీలం అవుతుంది.

లేబుల్ మీద 4 మి.మీ. సూది అని రాసి ఉన్నా మీరు 2.5 లేదా 3 మి.మీ. సూదితో అల్లండి. శాలువా మెత్తగా జారాలి, బొమ్మ గట్టిగా నిలబడాలి.

తల ఇలా: లాగితే బిగుసుకునే దారపు ఉంగరం, అంటే మ్యాజిక్ రింగ్‌లో 6 సింగిల్ క్రోషేలు. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12. మూడో చుట్టులో ఒకటి మామూలుగా, పక్కదాంట్లో రెండు, మొత్తం 18. అలా చుట్టుకి ఆరు చొప్పున పెంచుకుంటూ 48 దాకా వెళ్లండి. అక్కడ పెంచడం ఆపి, తొమ్మిది చుట్లు నేరుగా అల్లండి. తర్వాత ఏ లెక్కలో పెంచారో అదే లెక్కలో తగ్గించుకుంటూ రండి. 48 కుట్ల తల అడ్డంగా సుమారు 7 సెంటీమీటర్లు వస్తుంది. చుట్టు చివర కలిపి గొలుసు వేసే అలవాటు టేబుల్ కవర్లకి సరిపోతుంది, ఇక్కడ వద్దు, వెనకాల మచ్చలా గీత పడుతుంది. ఆపకుండా సుడిలా తిరుగుతూ వెళ్లాలి. చుట్టు మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టుకుంటే లెక్క తప్పదు.

తెల్ల ముఖం కోసం అల్లుతూ మధ్యలో రంగు మార్చకండి. సుడిగా అల్లేటప్పుడు కుడిచేతి వాళ్ల కుట్లు ఒక్కో చుట్టుకి కొంచెం కుడివైపు జరుగుతాయి. దాంతో ముఖం అంచు వంకరగా పోతుంది. తెల్లటి బిళ్ల విడిగా అల్లి తల మీద కుట్టేయడమే నయం.

పాలకొల్లు_లేసు
మాది నరసాపురం దగ్గర. మా ఇంట్లో అమ్మ, పిన్ని, మేనత్త అందరూ లేసు అల్లేవాళ్లే. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిన రోజున మా వీధంతా పండగే. ఎన్నేళ్లు అల్లినా ఆ పేరు మా ఊరిదని కాగితం మీద ఉండాలిగా.

లేసు చేతి నుంచి బొమ్మ చేతికి మారేవాళ్లకి ఒక్క మాట. లేసులో కన్నాలే అందం, బొమ్మలో కన్నం పడిందంటే దూది బయటికొస్తుంది. మన వేళ్లు దారాన్ని వదులుగా పట్టడానికి అలవాటుపడి ఉంటాయి. చూపుడువేలికి దారం ఒక చుట్టు ఎక్కువ చుట్టుకుని అల్లి చూడండి. ఇంకోటి, దారాన్ని సూది మీదుగా కాకుండా సూది కింద నుంచి లాగితే కుట్టు ఇంటూ గుర్తులా పడుతుంది, మామూలు దానికన్నా బిగుతుగా ఉంటుంది. తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందు పోగులు మాత్రమే ఎత్తి కలిపి అల్లండి. మొత్తం కుట్టు ఎత్తితే అక్కడ గంటు పడి కన్నం తేలుతుంది. ఈ ఒక్కటి తెలిసినవాళ్ల బొమ్మ, తెలియనివాళ్ల బొమ్మ పక్కపక్కన పెడితే ఇట్టే చెప్పేయొచ్చు.

సీదా_ఉల్టా
రెండు సూదులతో అల్లే (నిట్టింగ్) వాళ్ల తరఫున నేను. క్రోషే రాకపోతే బొమ్మ చేయలేమని అనుకోకండి. ఒక వరస సీదా (మామూలు కుట్టు), ఒక వరస ఉల్టా (తిరగేసిన కుట్టు) వేసి బల్లపరుపు ముక్కలు అల్లి, పక్కలు కలిపి కుడితే చక్కటి బొమ్మ వస్తుంది. అల్లిక నున్నగా ఉంటుంది, పిల్లలు చెంపకి ఆనించుకోవడానికి హాయి. అయితే క్రోషేకన్నా బాగా సాగుతుంది. దూది ఎక్కువ కూరితే పొట్ట ఉబ్బిపోయి కుట్ల సందుల్లోంచి తెల్లగా కనిపిస్తుంది. సూది రెండు సైజులు తగ్గించి, దూది కొంచెం తక్కువ పెట్టండి. బొమ్మకి చొక్కా, స్వెటర్ లాంటివి వేయాలంటే మాత్రం రెండు సూదులకి సాటి లేదని నా నమ్మకం.

డాలస్_అమ్మమ్మ
వీడియో చూసి అల్లేవాళ్లు ముందుగా అది అమెరికా పద్ధతా, బ్రిటన్ పద్ధతా చూసుకోవాలి. అమెరికా వాళ్ల సింగిల్ క్రోషేనే బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. అది గమనించకపోతే బంతి రావాల్సిన చోట పొడుగాటి గొట్టం వస్తుంది.

కళ్ల సంగతి: గుండీలు వద్దమ్మా. ప్లాస్టిక్ సేఫ్టీ కళ్లు కూడా వద్దు. పేరులో సేఫ్టీ ఉంది గానీ, అల్లిక సాగినప్పుడు వెనక బిళ్లతో సహా ఊడి వస్తాయి. బొమ్మల పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పట్టే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకి అడ్డం పడగలదని లెక్క. గుండీ, మువ్వ, పూస, అన్నీ అందులో పడతాయి. డోరేమాన్ మెడలో పసుపు గంట ఉంటుంది కదా, నిజం మువ్వ కట్టాలనిపిస్తుంది. కట్టకండి. పసుపు దారంతో చిన్న బిళ్ల అల్లి నాలుగు వైపులా కుట్టేయండి. కళ్లు కూడా తెల్ల దారంతో అల్లి, నల్ల కంటిపాప దారంతోనే కుట్టండి. చిన్న పాప పడుకునే చోట మాత్రం ఏ మెత్తటి బొమ్మా ఉంచొద్దని మీ అక్కకి చెప్పండి, ఏడాది నిండేదాకా.

కొత్తసూది
అందరికీ చాలా థాంక్స్ అండీ. తల పూర్తయింది, పాలకొల్లు అక్క చెప్పినట్టు ముందు పోగులతో తగ్గించాను, కన్నాలు లేవు! కానీ తెల్ల బిళ్ల తల మీద సరిగ్గా కూర్చోవడం లేదు, అంచులు లేస్తున్నాయి. దూది గురించి కూడా చెప్పండి. ఇంట్లో పాత దిండులోది బూరుగు దూది ఉంది, అది వాడొచ్చా?

ఊలుబంతి
బల్లపరుపు బిళ్ల గుండ్రటి తల మీద కూర్చోదండీ. 36 కుట్ల దాకా పెంచాక, పెంచకుండా ఇంకో చుట్టు వేయండి. గిన్నెలా కొంచెం లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు తలకి అతుక్కుంటుంది. తల నిండా దూది కూరాకే కుట్టండి. ఖాళీ తల మీద కుడితే, తర్వాత దూది పెట్టినప్పుడు ముఖం పక్కకి లాక్కుపోతుంది.

నీలిదారం
బూరుగు దూది దిండుకి బంగారం, ఉతికే బొమ్మకి కాదు. తడిస్తే ఉండలు కడుతుంది, లోపల ఆరడానికి చాలా టైం పడుతుంది, మన గాలిలో తేమకి వాసన పట్టేస్తుంది. పైగా పాత దిండులోది దుమ్ము. దిండ్ల షాపుల్లో ఫైబర్ అని అడిగితే పాలిస్టర్ ఫైబర్ ఇస్తారు, అదే తీసుకోండి. ఉండగా పెట్టకుండా వేళ్లతో విప్పి, కొంచెం కొంచెంగా అంచుల నుంచి నింపుకుంటూ రండి. మధ్యలో ఒకేసారి కుక్కితే పైకి గడ్డలు తెలుస్తాయి.

మొదలుపెట్టే ముందే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఎర్ర దారం, నీలం దారం తలా ఒక ముక్క తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున గుడ్డకి రంగు అంటితే ఆ దారం ఈ బొమ్మకి పనికిరాదు. డోరేమాన్‌కి తెల్ల ముఖం పక్కనే ఎర్ర ముక్కు, తెల్ల పొట్టకి ఆనుకునే మెడలో ఎర్ర పట్టీ. ఒక్కసారి రంగు దిగిందంటే మొత్తం గులాబీ అయిపోతుంది. ఉతికేటప్పుడు చన్నీళ్లలో ముంచి పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. చేయి పట్టి తాడుకి వేలాడదీస్తే చేయి సాగిపోతుంది.

లడ్డూ_మామ్
మా పాపకి నేను ఛోటా భీమ్ అల్లాను, అందుకే రాస్తున్నా. 2008లో మొదలైన ఆ కార్టూన్ మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లది కాబట్టి దాని మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. కానీ మొదటిసారి చేసేవాళ్లకి నేను భీమ్‌ని చెప్పను. మనిషి బొమ్మకి ఒంటి రంగు దారం దొరకడమే కష్టం. షాపుల్లో స్కిన్ కలర్ అని ఇచ్చేది లేత గులాబీ. మన పిల్లాడి రంగు కావాలంటే టీ రంగు, గోధుమ రంగు దారాలు నాలుగు పక్కపక్కన పెట్టి, పగటి వెలుతురులో చూసి తీసుకోవాలి. నారింజ పంచె మాత్రం విడిగా అల్లి తొడిగాను, పాప విప్పి మళ్లీ కట్టుకుంటుంది. ఆటంతా దానిమీదే.

పాలకొల్లు_లేసు
తల, ఒళ్లు కలిపే చోటు గురించి ఎవరూ చెప్పలేదు. ఈ బొమ్మకి తల బరువు, పిల్లలు పట్టుకునేది మెడ దగ్గరే. కొన్నాళ్లకి తల వాలిపోతుంది. తల అడుగున 24 కుట్లు ఉన్నప్పుడే ఆపి, తెంపకుండా అక్కడి నుంచే ఒళ్లు మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే అతుకే ఉండదు. మీ తల ఇప్పటికే మూసేశారు కాబట్టి ఒళ్లు పైభాగం కూడా 24 కుట్ల వెడల్పు తెరిచి ఉంచండి. మెడ దగ్గర ఫైబర్ గట్టిగా, రాయిలా కూరండి. చుట్టూ ఒకసారి కుట్టి, మళ్లీ వ్యతిరేక దిశలో ఇంకోసారి కుట్టండి. లోపల పుల్ల పెట్టమని కొందరు చెప్తారు, పిల్లల బొమ్మలో పుల్ల, తీగ ఏదీ పెట్టకూడదు. అతుకు మీద ఎర్ర పట్టీ వస్తుంది కాబట్టి కుట్లు కనబడతాయన్న బెంగ అక్కర్లేదు.

ఒళ్లు సన్నగా చేయకండి. డోరేమాన్‌ని సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో కథల్లో డోరేమాన్ ఎత్తు 129.3 సెంటీమీటర్లు, ఛాతీ చుట్టుకొలత కూడా 129.3. మీ బొమ్మ ఎత్తు ఎంతో చుట్టుకొలత కనీసం అంత ఉండాలి. 42 కుట్ల ఒళ్లు అయితే సరిపోతుంది.

కొత్తసూది
ఒళ్లు, కాళ్లు, చేతులు అయిపోయాయి. ఇప్పుడు ముఖం దగ్గర ఆగిపోయాను. కళ్లు ఎక్కడ పెట్టినా డోరేమాన్‌లా కాకుండా ఏదో వేరే పిల్లిలా ఉంది. ఎక్కడ తేడా?

డాలస్_అమ్మమ్మ
కళ్ల మధ్య సందు వదిలి ఉంటారు. డోరేమాన్ కళ్లు రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అవి తెల్ల ముఖం మధ్యలో కాదు, పై అంచు మీద, సగం నీలంలోకి వెళ్లేలా రావాలి. నల్ల పాపలు లోపలి వైపుకి, ముక్కుకి దగ్గరగా. ముక్కు సరిగ్గా రెండు కళ్లు కలిసే చోటు కింద. అక్కడి నుంచి నిలువు గీత, దాని కింద ముఖం వెడల్పంతా పరుచుకున్న నవ్వు. మీసాలు అటు మూడు, ఇటు మూడు. తెల్ల కళ్లు తెల్ల ముఖంలో కలిసిపోకుండా చుట్టూ సన్నటి నల్ల దారంతో గీత కుట్టండి. ఆ గీత లేకపోతే ఎంత బాగా అల్లినా కళ్లు కనబడవు.

ఊలుబంతి
కుట్టే ముందు అన్నీ గుండుసూదులతో నిలిపి, ఫోన్‌లో ఫొటో తీసి చూడండి. చేతిలో కనబడని వంకర ఫొటోలో తెలుస్తుంది. ఒక్క కుట్టు పైకి జరిపితే ఆశ్చర్యంగా ఉంటుంది, ఒక్క కుట్టు కిందకి జరిపితే నిద్రమొహం అవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, తొందరపడకండి. ఎన్ని గుండుసూదులు గుచ్చారో ముందే లెక్కపెట్టుకుని, అయ్యాక అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా బొమ్మ పిల్లాడి చేతికి వెళ్లకూడదు.

నీలిదారం
అడగాలనుకుంటున్నా, ఇలాంటివి అమ్మొచ్చా? మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు.

డాలస్_అమ్మమ్మ
బహుమతిగా ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. ఆ బొమ్మల హక్కులు కంపెనీలవి, అనుమతి లేకుండా అమ్మకానికి పెట్టకూడదు. సొంతంగా ఊహించి చేసిన కుందేలో ఏనుగో అయితే ఆ చిక్కు ఉండదు. ఇక ఇండియాలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వాళ్లకి మినహాయింపు ఉంది. అమ్మే ఆలోచన గట్టిగా ఉంటే ముందు ఆ నమోదు సంగతి చూసుకోండి.

కొత్తసూది
కళ్లు దగ్గరికి జరిపి, చుట్టూ నల్ల గీత కుట్టాను. అక్క పక్క గదిలోంచి చూసి "డోరేమాన్!" అంది! పొట్ట మీద జేబు ఒక్కటే మిగిలింది. ఊరికే బిళ్లలా కుట్టేయాలా, తెరిచి ఉంచాలా?

లడ్డూ_మామ్
తెరిచే ఉంచండి, వాడికి కావాల్సింది ఆ జేబే. సగం చంద్రుడిలా అల్లి, గుండ్రటి అంచు మాత్రం రెండుసార్లు కుట్టండి. పై అంచుకి ఒక వరస స్లిప్ స్టిచ్ (అన్నిటికన్నా పొట్టి కుట్టు) వేస్తే చేయి పెట్టి లాగినా సాగదు. లోపల పెట్టుకోవడానికి ఒక చిన్న జేబురుమాలు ఇవ్వండి, చెల్లెలి చేతికి దొరికినా భయం ఉండదు.