వి-క్రాస్‌కి సస్పెన్షన్ మార్చాలి, 2 ఇంచుల లిఫ్ట్ చాలా, 3 వేయించాలా? (బెంగళూరు)

పెనుకొండ_బండి:
అందరికీ నమస్తే. నాది 2021 ఇసుజు వి-క్రాస్ 4×4 పికప్ ట్రక్, 1.9 డీజిల్, 18 ఇంచుల వీల్స్, సస్పెన్షన్ అంతా కంపెనీదే. ఉండేది వైట్‌ఫీల్డ్, వారమంతా మారతహళ్ళి ట్రాఫిక్‌లోనే దాని బతుకు. శని ఆదివారాలు పెనుకొండ దగ్గర మా తోటకి పోతా, ఊరు దాటినాక ఒక వంక దిగి ఎక్కాల, వానలు పడితే దారి కోసుకుపోయి రాళ్ళు పైకి తేలతాయి, అక్కడ వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు గీసుకుంటాంది. అప్పుడప్పుడు ఫ్రెండ్స్‌తో సకలేశపుర సైడు కాఫీ తోటల్లో ఆఫ్‌రోడింగ్ కూడా. ఖాళీగా ఉంటే వెనక కుందేలు మాదిరి ఎగురుతాది, ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు వేస్తే తోక కూలబడి హెడ్‌లైట్లు చెట్ల మీదికి పోతాయి. ఈ మధ్యనే వెనక తొట్టి మీద కెనోపీ (పైకప్పు), డ్రాయర్లు కూడా పెట్టించినా.

ఒక షాపులో ముందు స్పేసర్, వెనక పొడుగు షాకిల్ (కమాన్ పట్టీల కొసని ఛాసిస్‌కి తగిలించే లింకు) వేసి 3 ఇంచులు లేపుతాం, సాయంత్రానికి బండి తీసుకుపో అన్నారు. ఇంకో చోట ఓల్డ్ మాన్ ఈము అనే ఫారిన్ బ్రాండుది ఫుల్ కిట్ (స్ప్రింగులు, పట్టీలు, షాకులు), 2 ఇంచులే అంటున్నారు. రేటు చూస్తే ఆకాశానికి భూమికి ఉన్నంత తేడా. తక్కువ డబ్బులకి ఎక్కువ ఎత్తు వస్తాంటే రెండోది ఎందుకు అని మా ఇంట్లో అడుగుతాండారు, నా దగ్గర జవాబు లేదు. చెప్పండప్పా.

మట్టిరోడ్డు:
తమ్ముడూ ముందు ఒక మాట, నీ డిఫ్ గుండు గీసుకోవడానికి లిఫ్ట్ మందు కాదు. వెనక యాక్సిల్ చక్రాలకే కదా తగులుకుని ఉండేది, స్ప్రింగు మీద బాడీ లేస్తుంది గానీ యాక్సిల్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, 3 కాదు 6 ఇంచులు లేపినా ఆ గుండు కిందున్న ఖాళీ ఒక్క మిల్లీమీటర్ పెరగదు. అది పెరగాలంటే టైరే పెద్దది కావాలి. నీ 255/60 ఆర్18 ఎత్తు సుమారు 763 మి.మీ., 17 ఇంచుల రిమ్ముల మీద 265/70 వేస్తే 803 దాకా వస్తుంది, అందులో సగం, అంటే ఒక 20 మి.మీ. యాక్సిల్ లేస్తుంది. అంతే దక్కేది. దానికి బదులు స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నువ్వు 105లో పోతుంటావు, పికప్ కూడా కొంచెం మందగిస్తుంది, అది కూడా లెక్కేసుకో.

మరి లిఫ్ట్ ఎందుకంటే బంపర్ కింద, ఛాసిస్ మధ్యలో, వెనక తోక కింద ఖాళీ కోసం, పెద్ద టైరు లోపల రాసుకోకుండా ఉండటం కోసం. వంక దిగేటప్పుడు ఎక్కేటప్పుడు అది పనికొస్తుంది, కాదనను.

ఇప్పుడు ఆ స్పేసర్ సంగతి. మన బండి ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి), కాయిల్ స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ పైన గుండ్రంగా ఒక ముక్క పెడతారు, అది 25 మి.మీ. మందం ఉంటే చక్రం దగ్గర దాదాపు డబుల్ వస్తుంది, ఎందుకంటే షాక్ కింద చివర ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం ఆర్మ్ కొసన ఉంటుంది. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ చక్రం గుంటలో వేలాడినప్పుడు కంపెనీ వాడు ఇంతవరకే అని పెట్టిన హద్దు దాటి కిందికి జారుతుంది, ముందు చక్రానికి ఇంజన్ శక్తిని అందించే సీవీ జాయింట్ కోణం ఎక్కువైపోతుంది, పైన బాల్ జాయింట్ కొసకి వచ్చేస్తుంది, పై ఆర్మ్ పోయి స్ప్రింగుకి తగిలిన బళ్ళు కూడా ఉన్నాయి. ఆ కోణంలో స్టీరింగ్ తిప్పి యాక్సిలరేటర్ తొక్కావంటే ముందు రబ్బర్ బూటు చిరుగుతుంది, గ్రీజు బయటికి చిమ్ముతుంది, తర్వాత మట్టి లోపలికి పోతుంది, ఆ తర్వాత మలుపులో టకటకా సౌండ్. 2 ఇంచుల లోపు ఉంటే మామూలుగా అలైన్‌మెంట్‌లోనే సర్దుకుంటుంది, ఆ పైన పోతే పై కంట్రోల్ ఆర్మ్‌లు మార్చాలి, ముందు డిఫ్‌ని కొంచెం కిందికి దించే స్పేసర్లు కావాలి, అక్కడితో నీ చవక లిఫ్ట్ చవక కాదు.

వెనక పొడుగు షాకిల్‌తో లేపితే యాక్సిల్ ముక్కు తిరిగిపోతుంది. మన డబుల్ క్యాబ్‌కి గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది, కోణం మారగానే సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు సీటు కింద గడగడ అదురు మొదలవుతుంది. మారతహళ్ళిలో రోజుకి ఎన్ని సిగ్నళ్ళో నీకే తెలుసు.

అసలు ప్రశ్న ఎత్తు కాదు, నీ వెనక ఎప్పుడూ ఉండే బరువు ఎంత? అది చెప్పకుండా కిట్ అమ్మేవాడిని నమ్మొద్దు.

జెసి_రోడ్_బ్యాచ్:
బ్రో ఇంత పురాణం ఎందుకు, జేసీ రోడ్డు వైపు వచ్చి కమాన్ పట్టీల పని చేసేవాళ్ళని అడుగు, ఉన్న సెట్టులోనే ఒక పట్టీ ఎక్కువ వేసి కడతారు, తోక కూలబడదు, సగం రోజు పని. మా మామ టమాటా లోడు బండికి కోలార్‌లో అలాగే చేయించాడు, ఇప్పటికీ తిరుగుతోంది. ఫారిన్ బ్రాండు పేరు చెప్తే చాలు మనోళ్ళు పర్సు తీసేస్తారు.

మట్టిరోడ్డు:
టమాటా బండికి అది కరెక్టే, ఎందుకంటే అది రోజూ లోడుతోనే తిరుగుతుంది. ఇతను ఆఫీసుకి పోయేది ఒక్కడు. పట్టీ కలిపితే గట్టిదనం పెరుగుతుంది, ఖాళీ బండి ఇంకా ఎగురుతుంది, రాళ్ళలో ఒక చక్రం పైకెక్కితే రెండోది కిందికి అందదు, గాల్లో వేలాడి తిరుగుతూ ఉంటుంది. ఆఫ్‌రోడ్‌కి కావాల్సింది పట్టీలు వంగటం. పైగా షాక్ పాతదే ఉంటే గట్టి స్ప్రింగు ఎగురుడిని అది ఆపలేదు. రాళ్ళ రోడ్డు మీద గంట సేపు పోతే షాక్‌లో ఆయిల్ వేడెక్కి పల్చబడి నురగ కడుతుంది, అప్పుడు షాక్ ఉన్నా లేనట్టే. పట్టీలు, షాక్‌లు ఒక జతగా రావాలి అనేది అందుకే. బ్రాండు ఏదైనా సరే, ఓల్డ్ మాన్ ఈము కావచ్చు, ఐరన్‌మాన్ కావచ్చు, థాయిలాండ్ ప్రొఫెండర్ కావచ్చు.

కాఫీ_తోట:
నాది హైలక్స్, ముందు డబుల్ విష్‌బోన్, వెనక పట్టీలు, అదే వరస. నేను చెప్పేది ఒకటే అన్నా, సస్పెన్షన్ కంటే ముందుగా టైర్లు మార్చండి, ఒక చిన్న కంప్రెసర్ కొనండి. మట్టిలోకి దిగే ముందు 20 పీఎస్ఐ దాకా గాలి తీసేస్తే సగం కుదుపులు అక్కడే పోతాయి, టైరు రాయిని పట్టుకుంటుంది కూడా. రోడ్డెక్కగానే మళ్ళీ కొట్టించాలి, బద్ధకించి ఆ గాలితోనే హైవేలో పోతే టైరు వేడెక్కి పగులుతుంది. సకలేశపుర ఎర్రమట్టికి వానాకాలంలో కంపెనీ హైవే టైరు నున్నగా అయిపోతుంది, 3 ఇంచులు లేపినా పక్కకి జారడం జారడమే, ఇంకా ఎత్తుంటే ఒరగడం కూడా తోడవుతుంది.

ఇంకోటి, ఇన్సూరెన్స్ వాళ్ళకి మార్పులు రాతపూర్వకంగా చెప్పండి. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. లిఫ్ట్‌తో పాటు ముందు ఇనుప బుల్‌బార్ ఫ్రీ అని షాపు వాళ్ళు ఊరిస్తారు, అది అసలు వద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది.

పెనుకొండ_బండి:
థాంక్స్ అందరికీ. హోస్కోటె దారిలో వేబ్రిడ్జిలో కాటా వేయించినా, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఒకసారి. ఫుల్ ట్యాంకు, నేనొక్కడినే. మొత్తం 2240, ముందు 1190, అంటే వెనక 1050 కిలోలు. కెనోపీ, డ్రాయర్లు, టూల్స్, ఫ్రిజ్ అన్నీ కలిపి 200 దాటినట్టే అనుకుంటా. తోటకి పోయేటప్పుడు ఇంకో రెండు మూడు బస్తాలు ఎక్కుతాయి, అదీ ఎప్పుడో. ఆ 3 ఇంచుల షాపాయనకి సీవీ జాయింట్ సంగతి అడిగితే "ఏం కాదు సార్, అందరూ వేయించుకుంటున్నారు" అన్నాడు.

మట్టిరోడ్డు:
శభాష్, కాటా వేయించుకుని వచ్చినవాడిని ఇక్కడ చూడ్డం అరుదు. ఐతే నీకు 300 కిలోల లోపు నిలకడ బరువుకి చేసిన మీడియం పట్టీల సెట్టు చాలు, హెవీ ఇస్తాం అంటే వద్దను. బస్తాల కోసం గట్టి పట్టీ వేసుకుని మిగతా రోజులన్నీ నడుము విరగ్గొట్టుకోవద్దు. ముందు స్ప్రింగు మామూలుదే తీసుకో, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పు, అది ముందు బరువు పెంచుతుంది, స్ప్రింగు వేరే వస్తుంది. ఎత్తు 40 నుంచి 50 మి.మీ. మధ్య ఆపెయ్. ఆ వంక కోసం కాఫీ_తోట చెల్లెలు చెప్పినట్టు మొదట టైర్లు మార్చు, డిఫ్ గుండుని రాళ్ళ మధ్యకి పోనివ్వకుండా ఒక చక్రం రాయి మీదికి ఎక్కించి పో, డబ్బు పెట్టకుండా వచ్చే క్లియరెన్స్ అదే.

బిగించే రోజు పక్కనే నిలబడు. పట్టీలని యాక్సిల్‌కి బిగించే యు-బోల్టులు కొత్తవే వేయమను, పాతవి ఒకసారి సాగినవి. బండి వర్క్‌షాప్ లిఫ్ట్ మీద గాల్లో ఉండగా బుష్ బోల్టులు ఫైనల్ టైట్ చేయనివ్వొద్దు, చక్రాలు నేల మీద ఆనాకే చేయాలి, లేకపోతే లోపల రబ్బర్ మెలిపడి ఉండిపోయి త్వరగా చినుగుతుంది, కిర్రు కిర్రు సౌండ్ వచ్చేది చాలామందికి ఇందుకే. అదే రోజు అలైన్‌మెంట్, హెడ్‌లైట్ కిందికి సెట్టింగు. 500 కి.మీ. తిరిగాక యు-బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూపించు.

పెనుకొండ_బండి:
విన్చ్ వద్దులే అన్నా. పాత పట్టీలు, షాకులు షాపాయనే తీసుకుని కొంచెం తగ్గిస్తానంటాండాడు, ఇచ్చేయమంటావా?

మట్టిరోడ్డు:
షాకులు ఇచ్చేయ్. పట్టీలు మాత్రం తోటలో ఒక మూల పడేసుకో, రేపు కెనోపీ తీసేసి అమ్మాలనుకుంటే కొనేవాడు కంపెనీ పట్టీలే అడుగుతాడు.