క్యాన్సర్ ట్రయల్‌లో చేరమంటే ఏం అడగాలి?

ప్రశ్న: రొమ్ము క్యాన్సరున్న మా అమ్మగారికి మూడో దశ ట్రయల్ (కొత్త మందును ఇప్పుడున్న చికిత్సతో పోల్చి చూసే పరీక్ష) అంగీకార పత్రం ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర (మందు లేని మాత్ర) ఇస్తారేమోనని ఆమె భయం. చేరాక మానుకోవచ్చునా?

జవాబు: పనిచేసే చికిత్స ఉన్నచోట ఉత్తుత్తి మాత్రతో సరిపెట్టడం సాధారణంగా ఉండదు, ఒక వర్గానికి ఇప్పుడున్న చికిత్స, మరో వర్గానికి కొత్త మందు లేదా రెండూ కలిపి ఇస్తారు, ఎవరు ఏ వర్గమో కంప్యూటరు లాటరీలా తేలుస్తుంది గనుక డాక్టరుగారు కూడా ఎంచుకోలేరు. (మూడో దశ అన్నది ట్రయల్ దశ, జబ్బు దశ కాదు.)

జవాబు: కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానుకోవచ్చు. అయితే మందు ఉన్నట్టుండి ఆపే ముందు వైద్యులతో మాట్లాడండి.

జవాబు: మోతాదునూ భద్రతనూ ప్రధానంగా చూసే మొదటి దశ ట్రయల్‌లో నేను పాల్గొన్నాను. నన్ను విసిగించింది మందు కాదు, ఒకే రోజు గంటగంటకూ రక్తం తీయడం. అదనపు పరీక్షలెన్నో, ఖర్చెవరిదో సంతకానికి ముందే అడగండి.