తిరుపతిలో ట్యాక్సీ ఆగిపోయింది (2020 ఏప్రిల్, కరోనా రోజులు): లాక్‌డౌన్‌లో ఏది కట్టాలి, ఏది ఆపాలి, ఇంట్లో ఎక్కడ మిగుల్చుకోవాలి?

అలిపిరి ట్యాక్సీ
అందరికీ నమస్కారం. 2020 మార్చి 20న తిరుమల కొండమీద దర్శనాలు ఆపినప్పటి నుంచి కారు కదల్లేదు. లాక్‌డౌన్ మే 3 దాకా అన్నారు. తీసినా యాత్రికులు వెంటనే వస్తారన్న నమ్మకం లేదు. కొర్లగుంటలో అద్దె ఇల్లు, ఐదుగురం. చేతిలో 38,000 ఉన్నాయి. అద్దె 6,500. కారు లోనులో అసలు ఇంకా 3,20,000, వడ్డీ 12 శాతం, నెల కంతు 9,800. క్రెడిట్ కార్డు బాకీ 14,000. తమ్ముడికి లాడ్జిలో పని, సగం జీతం ఇస్తున్నారు, పీఎఫ్ ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉంది. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? అందరం ఇంట్లోనే ఉండేసరికి గ్యాసు, కరెంటు కూడా పెరిగిపోతున్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు ఖాతా పుస్తకం
అన్నా, ఆ మూడు రూపాయల వడ్డీ జోలికి దయచేసి పోవద్దు. ఏడాదికి 36 శాతం అది. నెలకు 1,500 వడ్డీకే పోతుంది, అసలు 50,000 అట్లే ఉంటుంది. కారు తిరగని రోజుల్లో ఆ 1,500 ఎక్కడి నుంచి తెస్తారు?

మీ బాకీలను వడ్డీ ఎక్కువ ఉన్నది పైన, తక్కువ ఉన్నది కింద ఉండేలా కాగితం మీద రాసుకోండి. పైన ఉన్నది ముందు తీర్చాలి, కింద ఉన్నది వాయిదా వెయ్యాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తున్నారు. కంతు పెద్దగా కనబడుతుంది కాబట్టి కారుకు కట్టేసి, కార్డుకు కనీస మొత్తం కట్టి ఊరుకుంటున్నారు.

కార్డుకు నెలకు 3 నుంచి 3.5 శాతం పడుతుంది. 3.5 లెక్కన 14,000కి 490, దాని మీద 18 శాతం జీఎస్టీ 88, మొత్తం 578. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. కాబట్టి 38,000లోంచి మొదట ఆ 14,000 పూర్తిగా కట్టేసి కార్డు బీరువాలో పెట్టండి. మారటోరియం (కంతులు కొన్నాళ్లు వాయిదా వేసుకునే వెసులుబాటు) కార్డుకూ ఉంది కానీ, దానికి వాడుకోవడం అంత నష్టం ఇంకోటి లేదు.

కారు లోనుకు మాత్రం వాడుకోండి. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు చెప్పిన ప్రకారం ఈ మార్చి 1 నుంచి మే 31 మధ్య పడే కంతులు వాయిదా వేసుకోవచ్చు, సిబిల్ (అప్పులు కట్టే తీరును బట్టి ఇచ్చే స్కోరు) దెబ్బతినదు. అయితే వడ్డీ మాఫీ కాదు. మీ అసలు మీద నెలకు 3,200 వడ్డీ, మూడు నెలలకు వడ్డీ మీద వడ్డీతో కలిపి 9,696, అంటే దాదాపు ఒక కంతు. వీలైన నెలలో ఆ 3,200 ఒక్కటే కట్టించుకుంటారేమో బ్రాంచిలో అడగండి. అసలు తగ్గదు గానీ పెరగదు. కొన్ని బ్యాంకులు అడిగితేనే ఆపుతున్నాయి, కొన్ని వద్దంటే తప్ప తామే ఆపేస్తున్నాయి. మీది ఏ రకమో కంతు తేదీకి వారం ముందే కనుక్కుని మెయిలు పెట్టండి. లేకపోతే ఖాతాలో డబ్బు లేనప్పుడు ఆటో డెబిట్ తిరిగిపోయి బౌన్స్ ఛార్జీ పడుతుంది. మారటోరియం పెట్టిస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకుండా ఫోన్ కట్ చేసేయండి, అది మోసం.

తమ్ముడి పీఎఫ్: 2020లో కరోనా కోసం ఇచ్చిన వెసులుబాటు కింద మూడు నెలల బేసిక్, డీఏ కలిపినంత లేదా ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. బేసిక్ 9,000, నిల్వ 60,000 అనుకుంటే 27,000 వస్తుంది. యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి నంబరు) లాగిన్ అయ్యి ఫారం 31లో కారణం దగ్గర మహమ్మారి అన్నది ఎంచుకోవాలి. తిరస్కరించేది ఎక్కువగా మూడింటి వల్ల: ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉండటం, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పాతది కావడం, చెక్కు ఫోటోలో పేరు కనబడకపోవడం. పీఎఫ్‌కు 2019-20కి ఇస్తున్నది 8.5 శాతం. దాన్ని కదపడం మంచిది కాదు, కానీ 36 శాతం అప్పు కంటే ఎన్నో రెట్లు నయం.

అదీ చాలకపోతే బ్యాంకులో బంగారం పెట్టండి. ఇప్పుడు (2020) విలువలో 75 శాతం దాకా ఇస్తున్నారు, వడ్డీ సాధారణంగా నూటికి నెలకు రూపాయి లోపే. వడ్డీ మాత్రం కడుతూ ఉండాలి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది.

తెల్ల కార్డు ఉంది కాబట్టి ఉచిత బియ్యం, కందిపప్పు, ఏప్రిల్ 4న ఇచ్చిన 1,000 అందకపోయి ఉంటే వార్డు వాలంటీర్‌ను అడగండి. గ్యాసు ఉజ్వల కనెక్షన్ అయితే 2020 జూన్ దాకా మూడు సిలిండర్లు ఉచితం, డబ్బు ముందే ఖాతాలో పడుతుంది.

మదనపల్లె వంటిల్లు
లెక్కలు అన్న చెప్పినాడు, నేను పొయ్యి దగ్గరివి చెప్తా.

సిలిండర్ మార్చిన రోజు దాని మీదే సుద్దముక్కతో తేదీ రాయండి, ఎన్ని రోజులు వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. ఇంటికి తెచ్చినప్పుడు తూకం వేయించండి. ఖాళీ సిలిండర్ బరువు పైన రింగు దగ్గర రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిస్తే సరి. మంట పసుపు రంగులో వచ్చి గిన్నె అడుగు మసి పడుతుంటే బర్నర్ కన్నాలు మూసుకున్నట్టు. తీసి పిన్నుతో పొడిచి, సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. కందిపప్పు అరగంట నానితే విజిల్స్ సగం తగ్గుతాయి. కుక్కర్లో కింద పప్పు, పైగిన్నెలో బియ్యం పెడితే ఒక మంటకే రెండూ అయిపోతాయి. ఆవిరి పక్కనుంచి పోతుంటే గాస్కెట్ మార్చండి, దాంతోనే చాలా గ్యాసు పోతుంది.

స్టోరు (రేషన్) బియ్యం అన్నానికి బాగుండవని పక్కన పెట్టేవాళ్లు సంగటికి వాడండి, దానికి అవే బాగుంటాయి. ఒక గ్లాసు బియ్యం గంటసేపు నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడకనివ్వాలి. ఉప్పు వేసి, గ్లాసున్నర రాగిపిండిని గుట్టలా మధ్యలో పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. పిండిలోకి ఆవిరి ఎక్కాక దించి తెడ్డుతో గట్టిగా ఎనపాలి. తొందరపడి ముందే కలిపితే పైన ఉడికి లోపల పచ్చిపిండి ఉండలుగా మిగిలిపోతుంది. తోడుగా చెనిక్కాయల ఊరుబిండి (వేరుశనగల పచ్చడి) ఉంటే కూరల ఖర్చు ఆ పూటకు లేనట్టే.

టమోటా చౌకగా దొరికినప్పుడు ఈ ఎండల్లో ఊరగాయ పెట్టుకోండి. కిలోకు ఉప్పు 100 గ్రాములు, గింజ తీసిన చింతపండు 75, కారం 100. పండ్లు కడిగి తడి లేకుండా తుడిచి, కోసి, ఉప్పు పసుపు కలిపి జాడీలో రెండు రోజులు ఉంచాలి. తర్వాత ముక్కలు పిండి మిద్దె మీద ఎండబెట్టాలి. రసంలో చింతపండు వేసి అదీ ఎండలోనే పెట్టాలి. ముక్క వంచితే వంగాలి, వేలికి తడి తగలకూడదు. అప్పుడు రెండూ కలిపి రుబ్బి కారం, మెంతిపొడి కలిపి, పోపు చల్లారాక వెయ్యాలి. బూజు పట్టిందంటే ముక్క సరిగా ఎండలేదు, లేదా తడి గరిటె పెట్టారు. అల్యూమినియం గిన్నెలో మాత్రం వద్దు, పులుపుకు గిన్నె కరిగి రుచి చెడుతుంది.

మీటర్ రీడింగ్
కరెంటు గురించి అత్యవసరంగా ఒకటి. లాక్‌డౌన్ వల్ల రీడింగ్ తీయకుండా పాత బిల్లు మొత్తమే కట్టించుకుంటున్నారు. తర్వాత రెండు నెలల యూనిట్లు ఒకేసారి కనబడతాయి. మీ మామూలు రీడింగ్ తేదీన మీటర్‌లో కేడబ్ల్యూహెచ్ అని (అదే యూనిట్ల లెక్క) వచ్చినప్పుడు ఫోటో తీసి ఉంచుకోండి. బిల్లు వచ్చాక యూనిట్లను రెండు నెలలకు పంచి శ్లాబు (వాడిన యూనిట్లను బట్టి మారే రేటు మెట్టు) వేశారా, కట్టిన మొత్తం తీసేశారా చూసుకోవాలి. మొత్తం ఒకే నెలలో వేస్తే పై శ్లాబు రేటు పడుతుంది.

పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 20 గంటలు తిరిగితే నాలుగున్నర యూనిట్లు, నెలకు 135. పగలు అందరూ ఒకే గదిలో ఉంటే బిల్లులో తేడా తెలుస్తుంది. చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ 50 వాట్లకు పైనే, అంతే వెలుగు ఎల్‌ఈడీలో 20 వాట్లకు వస్తుంది. పాత పెట్టె రెగ్యులేటర్‌తో ఫ్యాను తగ్గిస్తే కరెంటు వేడిగా పోతుంది, పెద్దగా ఆదా కాదు. ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూసి లాగండి, సులభంగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

అలిపిరి ట్యాక్సీ
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. కార్డు బాకీ ఈరోజే కట్టేస్తా, ఆ వడ్డీ డబ్బు వద్దని చెప్పేస్తా. కారు అట్లే నిలబెడితే తర్వాత రిపేరు ఖర్చు వస్తుందేమో, ఏం చేసేది?

చిత్తూరు ఖాతా పుస్తకం
రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీకి మేలు కంటే కీడే ఎక్కువ, స్టార్టింగ్‌కు పోయినంత కూడా తిరిగి ఎక్కదు. వారానికోసారి ఏసీ, లైట్లు ఆపి ఇంజన్‌ను 20 నిమిషాలు నడవనివ్వండి. అది కుదరకపోతే బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు చివర. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. హ్యాండ్‌బ్రేక్ వదిలి, మొదటి గేరులో పెట్టి, చక్రాలకు రాయి అడ్డం పెట్టండి. బ్రేక్ వేసి వదిలేస్తే షూలు డ్రమ్ముకు పట్టుకుంటాయి.

కాగితాలు కూడా చూసుకోండి. ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్ 2020 జూన్ 30 దాకా చెల్లుతాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మార్చి 25, మే 3 మధ్య ముగిసి ఉంటే మే 15 లోపు కడితే చాలు, మధ్యలో విరామం వచ్చినట్టు లెక్కవెయ్యరు. మీది ఎప్పుడు ముగుస్తుందో పాలసీ తీసి చూసి చెప్పండి, కార్డు బాకీ కట్టాక మిగిలే 24,000లోంచి దానికి ఎంత పక్కన పెట్టాలో లెక్క వేద్దాం.